పండుగాని సర్ది, బందునాటి నడక

"బాబాయ్, వీనికి నిన్నటి సంది ముక్కు కారుతనే ఉంది. పాలు తాగేటప్పుడు ఆగి ఆగి తాగుతుండు. నాకు మస్తు భయమైతుంది. సిరికి, పండుకు చిన్నప్పుడు ఇట్ల సర్దయితే మీరు ఏం చేసెటోళ్లు?"

ఏం చేసెటోళ్లమా? కొట్లాడుకునేటోళ్లం బిడ్డా. ముందు అదే. మందులు తర్వాత సంగతి.

ఇటు కూసో రమ్యా. ముందు వాని అంగీ జర పైకి లేపు, సూడనియ్యి. ఆఁ... బాగనే ఉన్నడు. పొట్ట నిమ్మళంగ ఆడుతుంది. సూడు సూడు, నన్ను జూసి నవ్వుతుండు దొంగ. ఏం కాదు, ఉట్టి ముక్కు సర్ది. అంగీ ఎందుకు లేపమన్ననో చెప్త. అది చెప్పాలంటే మా పండుగాని ముచ్చట మొత్తం చెప్పాలె. మీ చిన్నమ్మ వంటింట్ల ఉంది గద, ఆమెకు ఇనవడితే నడుమల వచ్చి తప్పులు దిద్దుతది. టీచర్ బుద్ధి. జర మెల్లగ చెప్త, దగ్గరికి జరుగు.

నువ్వప్పుడు నిజామాబాద్ల ఇంటర్ చదువుతున్నవ్. కాదు కాదు, టెన్త్. ఆ యాడాదే గద మీ నాయిన నీకు సైకిల్ కొనిచ్చింది, నువ్వు పోయి గోడకు గుద్దింది. అగో, నవ్వుతున్నవ్. అదే చలికాలం. తెలంగాణ లొల్లి జోర్ మీదుండె. ఇయ్యాల బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి ర్యాలీ. మనది చిక్కడపల్లి, నా జిరాక్స్ షాపేమో అశోక్‌నగర్ల, హాస్టళ్ల నడుమ. ఇగ చెప్పేదేముంది, లొల్లి మొత్తం నా షాపు ముంగటికెల్లే పోయేది.

మాకు పిల్లలు ఎంత ఆలస్యమైండ్రో నీకెరుకే. పెండ్లయి పదేండ్లు దాటినా ఎవరూ లేకుండె. మొక్కని దేవుడు లేడు, సూపియ్యని డాక్టర్ లేడు. ఇగ పోనియ్యి, షాపుకొచ్చే, నౌకరీ పరీక్షలు రాసే పోరగాండ్లే మన పిల్లలు అని నేను మనసుకు చెప్పుకున్న. మీ చిన్నమ్మ గూడ స్కూల్ల పిల్లలే నా పిల్లలు అనుకున్నది. అగో అప్పుడు పుట్టింది సిరి. సిరికి సరిగ నడక రాలే, ఎనుకనే పండుగాడు. దేవుడు మర్చిపోయి మర్చిపోయి ఒక్కసారి గాబరపడి పంపినట్టు. నెత్తి తెల్లబడ్డంక తండ్రినైన నేను.

గదే పరేషాన్. సిరిని నర్సరీల ఏసినం. స్కూలు వదిలే టైముకు గేటు కాడ నిలవడితే ఆయమ్మ లోపలికి కేకేసేది, "సిరీ, మీ తాత వచ్చిండే!" అని. నేను రోజూ చెప్పేది, "అమ్మా, నేను తాతను కాదు, నాయిన్ని" అని. ఆమె "అట్లనా సార్, సారీ సార్" అనేది, తెల్లారి మళ్ల "మీ తాత వచ్చిండే". ఇగ సిరి తక్కువదా? బ్యాగు ఊపుకుంట "తాతా!" అని ఉరికొచ్చేది, నన్ను ఏడిపియ్యనీకె. గేటు కాడ ఉన్న తల్లులందరూ నవ్వుడు.

నాకు రోషమొచ్చింది. ఒక ఆదివారం నల్లరంగు తెచ్చి నెత్తికి ఏసుకున్న. గది గోరింటాకు లెక్క అనుకున్న, ఒక్కసారి కడిగితే మిగిలిన రంగు పోతదని. గీజర్ పాడైండె. చల్లనీళ్లతోని కడుగుత, కడుగుత, రంగు నీళ్లు పోతనే ఉన్నయ్, పోతనే ఉన్నయ్. నెత్తి నల్లగైంది, దాంతోపాటు చెవులు గూడ నల్లగైనయ్. గంతసేపు చలికాలంల చల్లనీళ్ల కింద నిలవడ్డ. తెల్లారి తుమ్ములు! ఒకటి కాదు రెండు కాదు.

మీ నానమ్మ కుర్చీల కూసొని అన్నది, "నెత్తికి రంగేస్తివి, ఇంటికి సర్ది తెస్తివి."

మీ చిన్నమ్మ అన్నది, "లేదత్తమ్మా, సిరి స్కూల్ల సగం మందికి సర్ది ఉంది, అది తెచ్చింది. చల్లనీళ్లతోని సర్ది రాదు, వైరస్‌తోని వస్తది."

ఇగ చూడు. ఆ సర్ది నేను తెచ్చిన్నా, సిరి తెచ్చిందా అని మా ఇంట్ల నడిచిన వాదన, దాని మీద కమిషన్ ఏసినా తేలకపోయేది. మీ నానమ్మ పోయేదాక ఆ సర్ది నా నెత్తిరంగుకెల్లే వచ్చిందని అన్నది. ఆమె ముంగట ఎవరు గెలుస్తరు?

మా ఇద్దరి ఎనుక పండుగానికి పట్టింది. వానికి రెండేండ్లు నిండి ఇంకొంచెం. వాని ముక్కు సంగతి ఏం చెప్పాలె? నల్లా విప్పినట్టే. రుమాలు సూస్తే సాలు, ఇల్లంత ఉరికేటోడు. పట్టుకుంటే నా భుజం మీద పడి అటు ఇటు మూతి రాసేటోడు. నా అంగీలు అన్నిటికి కుడి భుజం మీద నత్త పాకినట్టు తెల్లగీత. షాపుల పోరగాండ్లు అడిగేటోళ్లు, "అన్నా, గా భుజం మీద ఏందే?" అని. "గవర్నమెంటు ఇచ్చిన మెడల్‌రా, మీకు నౌకరొస్తే మీకు గూడ ఇస్తరు" అనేది నేను.

వాళ్లు నన్ను అన్న అనేటోళ్లు, సూసినవా. జిరాక్సన్న. తాత అనకపోయేటోళ్లు.

ఇగ ఇంట్ల రెండు పార్టీలు. మీ నానమ్మదొక పార్టీ. ఓమ పెంక మీద ఏంచి, పాతచీర గుడ్డల మూట గట్టి, ఛాతికి కాపడం పెట్టుడు. ఎల్లిగడ్డ రెబ్బలు దారానికి గుచ్చి మెడల ఏసుడు. తులసాకు, మిరియాలు, బెల్లం ఏసి కషాయం. పొద్దూకంగ కుంపట్ల నిప్పులేసి ఊదు పొగ. ఇంకోటేమో బట్టలు. అంగీ మీద అంగీ, దాని మీద స్వెట్టర్, స్వెట్టర్ మీద ఇంకో స్వెట్టర్, మంకీ క్యాపు, సాక్సులు. పండుగాడు చేతులు పక్కకు దించనీకె రాకుండె. చిన్న పరుపుకు కాళ్లొచ్చినట్టు నడిచేటోడు.

మీ చిన్నమ్మది ఇంకో పార్టీ. సైన్స్ టీచరాయె. ముక్కుల ఉప్పునీళ్ల చుక్కలు, జ్వరమొస్తే డాక్టరమ్మ రాసిన సిరప్, కిటికీలు తెరిచి పెట్టుడు, చేతులు సబ్బుతోని కడుగుడు.

"అత్తమ్మా, వైరస్ ఓమకు భయపడదు" అనేది ఈమె.

"వైరస్సో గియిరస్సో, నా సుదర్శన్‌ను నేను గట్లనే పెంచిన" అనేది ఆమె.

"అందుకే ఆయన ఇప్పటికీ తుమ్ముతనే ఉన్నడు."

నేను నడుమల. ఇటు చూస్తే అమ్మ, అటు చూస్తే పెండ్లాం. ఇద్దరూ నన్నే సాక్ష్యమడుగుడు. "సుదర్శనూ, నువ్వు చెప్పు, నీకు ఎల్లిగడ్డ దండ ఏస్తే సర్ది పోలేదా?" "ఏమండీ, మీరు చెప్పండి, డాక్టరమ్మ పొగ పెట్టద్దన్నదా లేదా?" నేను మెల్లగ చెప్పులేసుకొని, "షాపుల మస్తు గిరాకీ ఉంది, పోతున్న" అనేది. ఇద్దరూ అప్పుడొక్కటే మాట, "ఇప్పుడేం గిరాకీ, పొద్దుపొద్దున్నే!" గా ఒక్క విషయంల ఏకమయ్యేటోళ్లు.

నవ్వు బిడ్డా, నవ్వు. అప్పుడు నాకు నవ్వు రాలే.

ఒకనాడు పొద్దూకంగ మీ నానమ్మ ఊదు ఏసింది. జర ఎక్కువనే ఏసింది. ఇల్లంత తెల్లగైంది, ఎదురుంగ ఉన్న మనిషి కనిపిస్తలేడు. పండుగాడు దగ్గుడు మొదలువెట్టిండు. దగ్గి దగ్గి మొఖం ఎర్రగైంది. మీ చిన్నమ్మ దిగ్గున లేసింది. పోయింది, కుంపటి తీస్కుంది, తీస్కపోయి నల్లా కింద పెట్టింది. సుయ్య్‌మన్నది. గా సప్పుడుకు మీ నానమ్మ చేతులున్న గిన్నె కింద పెట్టి, లోపలికి పోయి పండుకున్నది. తిననూ లేదు, మాట్లాడనూ లేదు. ఆమె తిడితే భయం లేకుండె నాకు. మాట్లాడకపోతేనే భయం.

తెల్లారి లేచి చూస్తే, ఇస్త్రీ చీర కట్టుకొని, సంచి సర్దుకొని, ముంగటి వరండల కుర్చీల కూసున్నది. సంచి ఒళ్లె పెట్టుకున్నది.

"యాడికమ్మా?" అన్న.

"నిజామాబాద్. పెద్దోని దగ్గరికి. వాని పెండ్లాం నా కుంపటి నల్లా కింద పెట్టది."

పెద్దోడంటే మీ నాయినే గద. మీ అమ్మకు ఆ దినం మస్తు మంచి పేరొచ్చింది, ఇంటికి పోయినంక చెప్పు.

"అమ్మా, ఇయ్యాల బందు. బస్సులు లెవ్వు."

"నడిచినంక పోత."

"ఎప్పుడు నడుస్తయో ఎవరికెరుక?"

"తెలంగాణ వచ్చినంక నడుస్తయి. గప్పటిదాక గీ కుర్చీలనే కూసుంట."

నేను చాయ్ తెచ్చి పక్కకు పెట్టిన, ముట్టలే. మీ చిన్నమ్మకు స్కూలు లేదు, బందు గద. ఆమె వంటింట్ల గిన్నెలు గట్టిగ పెడుతుంది. ఆ గిన్నెల సప్పుడు ఈమెకు ఇనవడాలె, ఈమె మౌనం ఆమెకు కనవడాలె. మధ్యల నేను పేపర్ పట్టుకొని తలకాయ దాచుకున్న.

పండుగాడు లేచిండు. జ్వరం తగ్గిందని, రాత్రి సిరప్ పని చేసిందని మీ చిన్నమ్మ జర ధైర్యంల ఉండె. వాడు లేస్తే ఇల్లు పీకి పందిరేసెటోడు. ఆ పొద్దు మాత్రం సప్పుడు చెయ్యలే. మెల్లగ నడుసుకుంట పోయి, మీ నానమ్మ ఒళ్లె ఉన్న సంచి మీద తలకాయ పెట్టి నిలవడ్డడు. గంతే. ఆడుతలేడు, ఏడుస్తలేడు. మేం "పాపం, నానమ్మ పోతుందని బాధపడుతుండు" అనుకున్నం.

మీ నానమ్మ వాని ఈపు మీద చెయ్యి పెట్టింది. జరసేపు అట్లనే ఉంచింది. తర్వాత ఆ స్వెట్టర్లు, అంగీలు అన్నీ ఒక్కసారి పైకి గుంజింది.

"సుదర్శనూ! వీడు డొక్కలు ఎగరేస్తుండురా!"

నేను పేపర్ పడేసి ఉరికిన. చూస్తే, బిడ్డా, ఇప్పటికీ నాకు కండ్ల ముంగట ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్ల వాని పక్కబొక్కల నడుమ తోలు లోపలికి పోతుంది. గొంతు కింద గుంట పడుతుంది. పొట్ట జల్ది జల్ది ఎగురుతుంది. పిల్లికూతల లెక్క సన్నగ సప్పుడు. అన్ని బట్టల కింద మాకెవ్వరికీ కనిపియ్యలే.

మీ చిన్నమ్మ సబ్బు చేతులతోనే వచ్చింది. వాన్ని చూడంగనే ఆమె సైన్స్ అంతా యాడికి పోయిందో పోయింది. "అత్తమ్మా, ఓమ మూట పెట్టుండ్రి, జల్ది పెట్టుండ్రి, నేను పెంక పెడత" అని ఏడుపు మొఖం పెట్టింది.

మీ నానమ్మ లేచి నిలవడ్డది. "ఇది ఓమతోని పోయేది కాదు సుజాతా. డాక్టర్ పని ఇది. చేతులు కడుక్కో, నడువు."

గట్ల మారిపోయింది ఇల్లు, ఒక్క నిమిషంల.

డాక్టరమ్మకు ఫోన్ చేసిన. నారాయణగూడ గల్లీల కింద క్లినిక్కు, పైన ఇల్లు ఆమెది. "బందున్నా నేను ఇక్కడే ఉన్న, తీస్కరండి, ఆలస్యం చెయ్యకండి" అన్నది. ఆటోలు లెవ్వు. స్కూటర్ తీస్తుంటే ఎదురింటాయన అన్నడు, "చౌరస్తల టైర్లు కాలుస్తున్నరు సార్, బండ్లను పోనిస్తలేరు. నడిచి పోతేనే పోతరు" అని. సిరిని వాళ్లింట్లనే ఉంచినం. పండుగాన్ని ఒక శాలువల సుట్టి ఎత్తుకున్న. మీ చిన్నమ్మ పక్కన. మీ నానమ్మ ఎనుక. మోకాళ్ల నొప్పులని గుడిదాక గూడ ఆటో అడిగే మనిషి, మా ఇద్దరికన్న జల్ది నడుస్తుంది. చేతుల ఆ సంచి అట్లనే ఉంది. ఇడిచిపెట్టాలన్న సోయి ఆమెకు లేదు, ఇడిచిపెట్టమ్మా అనే సోయి నాకు లేదు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు అంత ఖాళీగ నేను ఎన్నడూ చూడలే. షట్టర్లన్నీ బంద్. రోడ్డు నడుమ పిల్లగాండ్లు క్రికెట్ ఆడుతున్నరు. పండుగానికి ఎట్లున్నా బ్యాటు కనవడితే సాలు, తలకాయ లేపి చూసేటోడు. ఆ దినం లేపలే. అది చూసి నేను ఇంక జల్ది నడిచిన.

నడుస్తనే మీ నానమ్మ ఒక మాట చెప్పింది. "మీ అన్నకు, నీకు నడుమ ఒక ఆడపిల్ల ఉండెరా. దానికి గూడ గిట్లనే అయింది. ఓమ పెట్టుకుంట, కషాయం తాపుకుంట కూసున్నం. అప్పుడు మా ఊర్ల ఇంకేముంది? దవాఖానకు బండి కట్టినంక నడుమల్నే పోయింది." గంతే చెప్పింది. మొఖం గూడ మా దిక్కు తిప్పలే. నాకు గా దినం దాక తెల్వది, నాకొక అక్క ఉండెనని. మీ నాయినకు తెలుసో తెల్వదో. మీ చిన్నమ్మ పోయి ఆమె చెయ్యి పట్టుకున్నది. నడుస్తనే పట్టుకున్నది.

నారాయణగూడ చౌరస్త వచ్చింది. రోడ్డు నిండ పోరగాండ్లు కూసున్నరు. నడుమల రెండు మూడు టైర్లు కాలుతున్నయ్, నల్లటి పొగ. గాలి మా దిక్కే కొడుతుంది. మీ చిన్నమ్మ నన్ను ఆపింది. "ఈ పొగల నుంచి వీన్ని తీస్కపోవద్దు. ఊపిరి ఇంక పట్టేస్తది" అన్నది. ఆమె కొంగు తీసి వాని మొఖం మీద కప్పింది. ఎనుకకు పోయి గల్లీలు తిరిగితే మస్తు టైమైతది. ఏం చెయ్యాలె?

ఇంతల ఆ కూసున్న గుంపుల కెల్లి ఒకడు, "ఏ, జిరాక్సన్నరా! అన్నా, ఏమైందే?" అని లేచి వచ్చిండు. నా షాపుల రోజూ నోట్సు తీసుకునే పోరడు. "పిల్లగానికి ఊపిరాడుతలేదురా, డాక్టర్ కాడికి పోవాలె, గీ పొగల పోలేను" అన్న.

వాడు గుంపు దిక్కు తిరిగి చేతులూపిండు. అటు దిక్కు మైకు పట్టుకున్నోడు ఒకడుండె, వానికి నేను తెల్వది. దూరంకెల్లి నన్ను చూసిండు, మైకుల అన్నడు, "తమ్ములూ, దారియ్యండ్రి! తాత వస్తున్నడు! తాతకు దారియ్యండ్రి!"

బిడ్డా, గంత బాధల, గంత భయంల, నా కడుపు మండింది. వారం కిందనే రంగేసిన నెత్తి! గొంతు చించుకొని ఒర్లిన, "తాత కాదురా! నాయిన్ని! వాని నాయిన్ని!"

తర్వాత మైకోడు ఏం చేసిండో తెలుసా? నినాదం ఎత్తుకున్నడు. "నాయినకూ..." అన్నడు. రోడ్డు మీద ఉన్నోళ్లందరూ, "దారియ్యాలె!" అన్నరు. "నాయినకూ..." "దారియ్యాలె!" మీ నానమ్మ గూడ, ఒట్టు, పిడికిలెత్తింది. ఎందుకెత్తిందో ఆమెకే తెల్వదు.

కానీ మాటలే కాదు, పని గూడ చేసిండ్రు. కట్టెలతోని ఆ టైర్లను అవతలికి గుంజిండ్రు. ఎవరో బిందె నీళ్లు తెచ్చి పోసిండ్రు, ఇంకెవరో మట్టి ఏసిండ్రు. పొగ తగ్గేదాక మమ్మల్ని జర దూరం నిలవెట్టిండ్రు. తర్వాత మా సుట్టూత గోడ లెక్క నిలవడి, చౌరస్త దాటిచ్చి, ఆ గల్లీ మొగదాక వచ్చి ఇడిచిపెట్టి పోయిండ్రు. మళ్ల పోయి టైర్లు అంటువెట్టుకున్నరనుకో. అది వాళ్ల పని, ఇది మన పని.

క్లినిక్కు షట్టర్ సగం దించి ఉంది. కింద నుంచి వంగి పోయినం. అక్కడ చీటీలు రాసే అమ్మాయి, "తాతా, మీరు బయట కూసోండి. బాబు వాళ్ల డాడీ వస్తే లోపలికి పంపుండ్రి" అన్నది.

నేను నోరు తెరిచేలోపల మీ నానమ్మ అందుకున్నది. "గీడే వాని డాడీ! నా కొడుకు! నా ముంగట చిన్న పోరడు, వీన్ని తాత అంటవా?" ఆ అమ్మాయి బిత్తరపోయి తలుపు తీసింది.

డాక్టరమ్మ పెద్దామె, కోపిష్టి. పండుగాన్ని బల్ల మీద కూసోవెట్టి బట్టలిప్పుడు మొదలువెట్టింది. ఉల్లిగడ్డ పొట్టు ఒలిచినట్టే. స్వెట్టర్ తీస్తే స్వెట్టర్, దాని కింద అంగీ, అంగీ కింద ఇంకో అంగీ. "వీడు హిమాలయాలకు పోతున్నడా? ఇన్ని ఏసినంక ఊపిరి ఎట్ల తీస్తున్నడో మీకు ఎట్ల కనిపిస్తది?" అని తిట్టింది. అన్నిటికన్న లోపల్నుంచి ఎల్లిగడ్డ దండ బయటపడ్డది. క్లినిక్కు మొత్తం వాసన.

"ఇది ఎవరు ఏసిండ్రు?" అన్నది.

మీ నానమ్మ సంచి గట్టిగ పట్టుకున్నది. నేను నేల చూసిన. మీ చిన్నమ్మ అన్నది, "మా ఇంట్ల ఏస్తం డాక్టర్. మాకు అలవాటు."

మా ఇంట్ల. సూసినవా? ఆ దండ మీద ఎంత కొట్లాడిందో నాకెరుక. "మా అత్త ఏసింది" అంటే ఏం పోయేది? అనలే. మీ నానమ్మ ఆమె దిక్కు ఒక్కసారి చూసింది, అంతే.

డాక్టరమ్మ దండ తీసి పక్కకు పెట్టింది. "దీనితోని నష్టం లేదు, లాభం లేదు. పొగ పెట్టిండ్రా? అదే నష్టం. ఛాతిల గొట్టాలు బిగుసుకున్నయి. మిషన్ పెడత. తగ్గుతదేమో చూద్దాం. తగ్గకపోతే ఇక్కడ కాదు, పెద్ద దవాఖానల చేర్చాలె, అంబులెన్స్ నేనే పిలుస్త" అన్నది.

మూతికి మాస్కు పెట్టిండ్రు. మిషన్ బుర్రుమన్నది, మందు పొగ లెక్క వచ్చింది. వాడు ముందు గింజుకున్నడు. మీ చిన్నమ్మ ఒళ్లె పట్టుకున్నది. మేం ముగ్గురం వాని డొక్కలే చూసుకుంట కూసున్నం. ఇంకో దిక్కు సూపు పోలే. ఎంతసేపు అని అడగకు, నాకు తెల్వది. ఒకసారి పెట్టింది, ఆగింది, మళ్ల పెట్టింది. మీ నానమ్మ పెదవులు కదులుతున్నయ్, ఏ దేవున్ని పిలుస్తుందో. ఆ సన్నటి పిల్లికూత మెల్లమెల్లగ తగ్గింది. గొంతు కింద గుంట పోయింది. తోలు లోపలికి పోవుడు ఆగింది. డాక్టరమ్మ గొట్టం పెట్టి ఇన్నది, ఇంకోసారి ఇన్నది.

పండుగాడు మాస్కు కిందికి గుంజి, వాళ్లమ్మ దిక్కు చూసి, "బజ్జీ" అన్నడు.

గల్లీకొక బజ్జీ బండి ఉన్న చిక్కడపల్లిల పుట్టినోడు గద. మాటలు సక్కగ రాకముందే బజ్జీ వచ్చింది వానికి.

డాక్టరమ్మ గంత కోపిష్టి మనిషి, నవ్వింది. "బజ్జీ అడిగిండంటే గండం గడిచినట్టే. పెట్టకండి మాత్రం" అన్నది. మీ చిన్నమ్మ అప్పుడు ఏడ్చింది. అప్పటిదాక బిగబట్టుకున్నది పాపం. మీ నానమ్మ ఆమె తలకాయ తన కడుపుకు ఆనిచ్చుకొని, "ఊకో, ఊకో. అడుగుతుండు గద, ఊకో" అన్నది.

పొద్దుగూకే ముందు ఇంటికి పంపింది, మందులు రాసి, మళ్ల తెల్లారి రమ్మని. నడుసుకుంట వస్తుంటే మీ చిన్నమ్మ మీ నానమ్మ చేతులకెల్లి సంచి తీస్కున్నది. "ఇంత బరువుంది అత్తమ్మా, ఏం పెట్టుకున్నరు దీంట్ల?"

మీ నానమ్మ కొంగు సర్దుకున్నది. తర్వాత అన్నది, "ఊదు డబ్బ. కుంపటి. నీ ఇంట్ల ఎందుకని తీస్కపోతున్న."

గా సంచి మోసుకొని బందుల, చౌరస్త దాటి, డాక్టరమ్మ ముంగట కూసున్నది! నేను రోడ్డు మీదనే నవ్వి నవ్వి కూలవడ్డ. మీ చిన్నమ్మ గూడ నవ్వింది. "ఈ కుంపటిని నిజామాబాద్‌కు పంపుదాం అత్తమ్మా, అక్కకు మీరంటే ఇష్టం గద" అన్నది. అగో ఆ కుంపటే మీ ఇంట్ల ఉన్నది. మీ అమ్మ దాంట్ల తులసిచెట్టు పెట్టింది గద? అదే.

ఆ చలికాలం ఇగ సర్దులు రాలేదని కాదు. ఒకరి ఎనుక ఒకరికి వచ్చినయ్. శివరాత్రికి చలి శివశివా అని పోయేదాక ఎవరిదో ఒకరి ముక్కు కారుతనే ఉండె. కానీ లొల్లి తగ్గింది. మీ నానమ్మ మిరియాల చారు, మీ చిన్నమ్మ సిరప్. కిటికీ తెరిచే ఉండాలె, పిల్లగాని చెవులకు మాత్రం గుడ్డ కట్టాలె. ఇద్దరూ మాట్లాడుకొని చేసుకున్నరు. నన్ను అడగనే లేదు. ఇప్పుడు చూడు పండుగాన్ని, ఇంటికి దర్వాజ సరిపోతలేదు, వంగి వస్తుండు లోపలికి.

"బాబాయ్, మరి వీనికి ఓమ మూట పెట్టచ్చా?"

వీడు ఇంక యాడాది నిండనోడు. డాక్టరమ్మ మాకు చెప్పింది నీకు చెప్త. ఓమ మూట వద్దు, లేత తోలు కాలుతది. పొగ వద్దు. యాడాది లోపల తేనె నాకిపియ్యద్దు. ముక్కుల నూనెలు పొయ్యద్దు. ఉప్పునీళ్ల చుక్కలు ఏసి, పాలు కొంచెం కొంచెం, మాటిమాటికి ఇయ్యి. జ్వరమొచ్చినా, పాలు మొత్తానికి మానేసినా, ఊపిరి జల్ది జల్ది తీసినా, డొక్కలు ఎగరేసినా మాత్రం నన్ను గాని, మీ చిన్నమ్మను గాని అడుగుకుంట కూసోకు. సీదా డాక్టర్ దగ్గరికి. అంగీ లేపి చూసుడు మర్చిపోకు, గంతే.

మీ నానమ్మ పోయి ఇన్నేండ్లాయె. చివరి చలికాలం ఆమెకు సర్దయితే మీ చిన్నమ్మే చారు చేసి తాపింది. "నాకన్న మంచిగ చేసినవ్" అన్నదట. నాకు ఇనవడేటట్టు మాత్రం అనలే...

ఆఁ, ఏం చెప్తున్న? నీ కండ్లు చూడు ఎట్ల ఎర్రగైనయో. పిల్లగానికి సర్దయితే అందరూ పిల్లగాన్నే చూస్తరు బిడ్డా, తల్లి తిన్నదా, పండుకున్నదా ఎవరూ అడగరు. ఇటియ్యి వాన్ని. ఇయ్యి, నాకు అలవాటే, భుజం ఉన్నదే గందుకు. నువ్వు పోయి లోపలి రూముల జరసేపు నడుం వాల్చు. ఆకలైతే వాడే లేపుతడు.

అగో, తుమ్మిండు! చిరంజీవ, చిరంజీవ. నూరేండ్లు బతుకు నాయినా.

పో బిడ్డా, పండుకో. నువ్వు సల్లగుండాలె. నీ ఇంట్ల ఎవరు తుమ్మినా, చిరంజీవ అననీకె పక్కన ఇంకో మనిషి ఎప్పుడూ ఉండాలె.